నీ రూఫు నువ్వు చూసుకో

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇది పిల్లలకు మనసు కుదురుగా ఉంచుకోవడం నేర్పిన ముచ్చట, నేర్పింది నేను. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారు. నవ్వనివ్వండి. ఆ రోజుల్లో నేను సుద్దముక్క విసిరితే మూడో బెంచీలో ఏ చెవికి అనుకుంటే ఆ చెవికే తగిలేది.

మాది సత్తుపల్లి వైపు వ్యవసాయ కుటుంబం. మా తాత కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలం చేసుకున్నాడు. నేను చదువుకుని లెక్కల టీచరునయ్యాను. ఎనభైల్లో ఇల్లందు పక్కన ఒక బొగ్గుగని కాలనీ హైస్కూల్లో వేశారు. అక్కడ గనిని బాయి అంటారు. గనిలో పనిచేసే మనిషి బాయిలోకి దిగుతాడు, బాయి నుంచి పైకి వస్తాడు, బాయి మీదే పిల్లల్ని సాకుతాడు. నా క్లాసులో ముప్పాతిక మంది బాయి పిల్లలే.

ఆ ఊళ్ళో పొద్దున ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. అడవి వైపు నుంచి లారీల మీద దుంగలు వచ్చేవి, బాయిలో పైకప్పు కింద ఆనించడానికి. షిఫ్టు మారేటప్పుడల్లా సైరన్ మోగేది. వేళకు మోగితే ఎవరూ తలెత్తేవాళ్ళు కాదు, గడియారం లేని ఇళ్ళలో దాన్ని బట్టే ఎసరు పెట్టుకునేవారు. వేళ కాని వేళ మోగిందంటే మాత్రం లోపల ఏదో జరిగిందని అర్థం. అప్పుడు కాలనీకి కాలనీ లేచి బాయి గేటుకు పరుగు తీసేది. పొయ్యి మీద కూర మాడనీ, తలుపులు బార్లా తెరిచి ఉండనీ, సగం గడ్డం గీయించుకున్న మనిషి మెడలో తువ్వాలు వేలాడనీ, పరుగే. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, కాళ్ళకు పట్టిన అలవాటు.

బయటి నుంచి వచ్చినదాన్ని, నా కాళ్ళకు ఆ అలవాటు లేదు. అందుకే మొదటి ఏడాది అంత పెద్ద తప్పు చేశాను.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. సరిగ్గా లెక్కల పేపరు రోజు, పదకొండు గంటలప్పుడు సైరన్ మోగింది. మా బడే పరీక్ష సెంటరు. లెక్కల టీచరును కాబట్టి ఆ రోజు నాకు లోపలికి ప్రవేశం లేదు, గేటు బయట నిలబడి ఉన్నాను. సైరన్ ఇంకా ఆగనేలేదు, హాళ్ళలోంచి పిల్లలు బయటపడ్డారు. ముందు ఒకరు, వెనక ఇద్దరు, తర్వాత గుంపు. పరీక్ష మధ్యలో లేచి బయటికి వచ్చినవాళ్ళను మళ్ళీ లోపలికి రానివ్వరు. ఆ రూలు వాళ్ళకూ తెలుసు. నేను గేటుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. అందరికంటే ముందు వచ్చింది నా క్లాసులో లెక్కలు బాగా చేసే పిల్ల. వాళ్ళ నాన్న ఆ పూట బాయిలో ఉన్నాడు. "వెళ్ళి కూర్చో! నువ్వు పరిగెత్తితే అక్కడ ఏం ఒరుగుతుంది?" అని అరిచి చేయి పట్టుకున్నాను. ఆ పిల్ల నా మొహం కూడా చూడలేదు. చేయి విదిలించుకుంది. రెండు గాజులు పగిలి ముక్కలు నా అరచేతిలో మిగిలాయి, ఆమె వెళ్ళిపోయింది.

బాయి లోపల బొగ్గు తోసే టబ్బులు పట్టాలు తప్పాయట. ఎవరికీ ఏమీ కాలేదు. గంట తర్వాత వాళ్ళ నాన్న పైకి వచ్చి, పరీక్ష అట్ట చేత్తో పట్టుకుని గేటు దగ్గర ఏడుస్తున్న కూతుర్ని చూశాడు. ఆ ఏడాది మా బడిలో లెక్కల్లో తప్పినవాళ్ళలో ఆమె ఒకతి. మిగతా సబ్జెక్టులన్నింట్లో మంచి మార్కులే వచ్చాయి.

ఆమెకు నర్సు కావాలని కోరిక. చిన్నప్పుడు వాళ్ళమ్మకు జబ్బు చేస్తే దవాఖానా బెంచీ మీదే రోజులు గడిపి, నర్సుల వెనకాలే తిరిగిందట. ఆ ట్రైనింగుకు పదో తరగతి పాసు కావాలి. సెప్టెంబరులో లెక్కల పేపరు మళ్ళీ రాసింది. ఈసారి సైరన్ మోగలేదు. అయినా సగం టైము కాకముందే చెమటలు పట్టి, పేపరు ఇచ్చేసి బయటికి వచ్చేసింది. ఒకరోజు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి అంది: "లెక్కలన్నీ వస్తయి టీచర్. కూసుంటే మాత్రం చెవులు బాయి దిక్కే పోతయి. ఇప్పుడు మోగుతదా, ఇప్పుడు మోగుతదా అని. మార్చిల ఒక్కసారి రాస్త. అప్పుడు గూడ లేచొస్తే ఇగ బడి ముచ్చటే తియ్య."

నా అరచేతిలో ఆ గాజుముక్కలు ఎప్పుడో పోయాయి గానీ, గీత ఒకటి మిగిలింది. దాన్ని చూసుకుంటూ, "రేపటి నుంచి వచ్చి క్లాసులో కూర్చో" అన్నాను. హెడ్మాస్టారు రిజిస్టరులో పేరు లేని పిల్లను కూర్చోబెట్టడానికి కాసేపు గొణిగి, చివరకు ఒప్పుకున్నాడు.

ఆ దసరా సెలవుల్లో ఖమ్మంలో టీచర్లకు యోగా క్లాసులు పెడితే నేనూ వెళ్ళాను. వెళ్ళింది మోకాళ్ళ నొప్పికి. అక్కడ కళ్ళు మూసుకుని శ్వాసను గమనించడం నేర్పారు. ఇంకేం, నా దగ్గర మందు ఉందనుకున్నాను. బడి తెరవగానే క్లాసంతటినీ నిటారుగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు, అది ముందు బెంచీ దాకా పాకింది. "నోళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉండండి!" అని గావుకేక పెట్టాను. ఆ కేకకు పక్క క్లాసు కూడా ప్రశాంతంగా అయిపోయింది.

నవ్వులు రెండు రోజుల్లో ఆగాయి. మూడో రోజు ఆ పిల్ల చటుక్కున కళ్ళు తెరిచి బల్ల అంచు పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది?" అన్నాను.

"కండ్లు మూస్తే బాయి కనబడుతది టీచర్."

"నాక్కూడ" అన్నారు పక్కనుంచి ఎవరో. "నాక్కూడ" అన్నారు ఇంకొకరు. అట్లా చూస్తే క్లాసులో సగం మంది. ఆ పిల్లలకు చీకటంటే ఒకటే చీకటి, నాన్నలు దిగే చీకటి. నేను రోజూ పది నిమిషాలు వాళ్ళను అందులో కూర్చోబెడుతున్నాను. ఇంత చదువుకుని నాకు ఆమాత్రం తట్టలేదు. సిగ్గేసింది. నాకు సిగ్గేస్తే కోపంగా బయటికొస్తుంది కాబట్టి, ఆ పిల్ల తండ్రిని పిలిపించాను, నాలుగు మాటలు అనడానికి.

ఆయన షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎంత కడిగినా కళ్ళ చుట్టూ బొగ్గు గీత కాటుకలాగా ఉండిపోయింది. హెడ్మాస్టారు గదిలో గోడ పక్కన నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏమయ్యా, ఇంట్లో బాయి కబుర్లు చెప్పి పిల్లను భయపెడుతున్నారా మీరు?" అన్నాను.

"ఇంట్ల బాయి మాటే తీయ టీచరమ్మా. చెప్పకపోతే భయపడదనుకున్న" అన్నాడు. అంటూనే వెనక గోడను వేలి కణుపులతో టకటకమని కొట్టాడు. చెవి అటు వంచాడు. జరిగి ఇంకోచోట కొట్టాడు. తర్వాత హెడ్మాస్టారి వైపు తిరిగి, "సార్, ఈడ గోడ డొల్లగున్నది. కుర్సీ ఇవతలికి జరుపుకోండ్రి" అన్నాడు.

హెడ్మాస్టారు నవ్వాడు. నేను మాత్రం తిట్టడం మరిచిపోయాను. అది ఏం పని, ఎట్లా తెలిసింది అని అడిగాను. ఆయన అప్పుడు చెప్పాడు. ఆయన పని బాయిలో పైకప్పు చూడడం. డ్రెస్సర్ అంటారు. మందు పెట్టి బొగ్గును పేల్చాక, అందరికంటే ముందు లోపలికి వెళ్ళి, వదులుగా వేలాడే పెళ్ళలను కడ్డీతో దించి, మిగతావాళ్ళు రావచ్చని చెప్పేది ఆయనే.

"మందు పేలినంక ఉరకం టీచరమ్మా. మొగదలనే, లోపటికి పోకముందే నిలబడతం. కండ్లకు చీకటి అలవాటు గావాలె. ఊపిరి నిమ్మలం గావాలె. అటెన్క కడ్డీతోటి రూఫును కొడతం, ఇంకో చెయ్యి ఆనిచ్చి పట్టి చూస్తం. గట్టి రూఫైతే కణ్ మంటది. ఒదులైతే డొల్ల చప్పుడొస్తది. ఆ చప్పుడు మొత్తం ఆగేదాక వినాలె. సగం విని ముందలికి పోయినోడే దెబ్బ తింటడు."

"మీకు భయం వేయదా?"

"ఎందుకెయ్యదు? భయం ఉండాలె. భయం లేనోడు కొట్టి చూడడు గద. అది యాడున్నదో, ఎంతున్నదో ఎరుకుండాలె, గంతే."

"డొల్ల అని తెలిస్తే ఏం చేస్తారు?"

"దాని కింద కర్ర నిలబెడతం. తిడితే రూఫు గట్టిపడదు గద టీచరమ్మా" అన్నాడు. నన్ను ఉద్దేశించి అన్నాడో, మామూలుగా అన్నాడో ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం తగలవలసిన చోట తగిలింది.

పది రోజుల తర్వాత, ఒక ఆదివారం, హెడ్మాస్టారి గదిలో గోడ పెచ్చు తలుపంత ఊడి, సరిగ్గా కుర్చీ ఉండే చోట పడింది. కుర్చీ చేయి విరిగింది. ఆదివారం కాబట్టి సరిపోయింది. సోమవారం నేను వెళ్ళి, "క్లాసులో రోజూ అయిదు నిమిషాలు బల్లలు కొట్టిస్తాను సార్" అంటే ఆయన ఎందుకని కూడా అడగలేదు. విరిగిన కుర్చీ వైపు చూస్తూ తల ఊపాడు.

మా పద్ధతి ఇది. కళ్ళు తెరిచే ఉండాలి. రెండు పాదాలూ నేలకు ఆనించాలి. ఎడమ అరచేయి బల్ల మీద పరిచి, కుడిచేతి కణుపుతో మూడుసార్లు కొట్టాలి. మూడో దెబ్బ చప్పుడు చెవిలోనూ, అరచేతిలోనూ పూర్తిగా ఆగేదాకా వినాలి. అప్పుడు లోపల చూసుకోవాలి: గొంతు ఎట్లా ఉంది, గుండె ఎట్లా ఉంది, కడుపు ఎట్లా ఉంది. పక్కవాళ్ళకు ఒక్క మాట చెప్పాలి, గట్టి అనో డొల్ల అనో. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగకూడదు. డొల్ల అన్నవాళ్ళకు పక్కవాళ్ళు కర్ర పెట్టాలి. అంటే వాళ్ళ పాదం పక్కన తమ పాదం ఆనించి కాసేపు ఉంచాలి. ఓదార్పులు వద్దు, సలహాలు అసలే వద్దు. అంతే.

మొదటి వారం అందరూ గట్టే. పదిహేనేళ్ళ పిల్లలు డొల్ల అని ఎందుకు ఒప్పుకుంటారు? ఒక పొద్దున ఆ పిల్లే ముందుగా అంది, మెల్లగా, తలవంచుకుని. పక్కనున్న అమ్మాయి చెప్పులోంచి కాలు తీసి ఆమె కాలి పక్కన ఆనించింది. మర్నాటికి క్లాసులో నలుగురు డొల్ల. ఒక వారానికి తెలిసింది, మగపిల్లల్లో అందరికంటే గట్టిగా అరిచేవాడే కడుపులో అందరికంటే డొల్ల అని. ఇంగ్లీషు పీరియడ్ అంటే వాడికి కాళ్ళు వణికేవట. ఇన్నాళ్ళూ వాడి చెవికి ఎన్ని సుద్దముక్కలు విసిరానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సోషల్ మాస్టారు నేను కనబడితే చాలు, "వడ్రంగి క్లాసు అయిపోయిందా మేడం?" అనేవాడు. నేను ఆయనకు జవాబు చెప్పే తీరు బాగుండేది కాదు, ఇక్కడ రాయను.

సైరన్ సంగతి వేరేగా చూశాం. మూడు గంటలకు షిఫ్టు సైరన్ రోజూ మోగుతుంది. అది మోగగానే చేతిలో పని ఆపి, బల్ల మీద అరచేయి పెట్టి, ఆ కూత మొదలైన దగ్గర్నుంచి సన్నబడి సన్నబడి ఆగేదాకా వినాలి. వింటూ ఒంట్లో ఏది ముందు అదురుతుందో చూడాలి. ఆ పిల్లకు ముందు పిక్కలు బిగిసేవట. "లేవకముందే కాళ్ళు ఉరుకుతున్నయి టీచర్" అంది ఆశ్చర్యంగా. ఏళ్ళ తరబడి తనను లాక్కుపోతున్న కాళ్ళను ఆ పిల్ల మొదటిసారి పట్టుకుంది. అంత సంతోషం నాకు ఏ లెక్క విప్పినప్పుడూ కలగలేదు. సంక్రాంతి సెలవులయ్యేసరికి పిక్కలు బిగిసేవి, ఆమెకు తెలిసేది, మెల్లగా వదిలేది.

ఇక నా వంతు. ఫిబ్రవరిలో ఒకరోజు బోర్డు మీద నేనే ఒక మెట్టు తప్పు వేశాను. ఎవరో నవ్వారు. నా చేయి డస్టరు మీదికి వెళ్ళింది. ఎత్తాను కూడా. ముందు బెంచీలోంచి ఆ పిల్ల, చాలా మర్యాదగా, "టీచర్, మీరు డొల్ల" అంది.

నా చెవులు వేడెక్కాయి. నన్ను ఇంతమాట అంటుందా అనుకున్నాను. ఎత్తిన డస్టరుతోనే బల్ల మీద మూడుసార్లు కొట్టాను. సుద్దపొడి లేచింది. పొడి కిందికి దిగేదాకా విన్నాను. గొంతు దగ్గర, రెండు ఎముకల మధ్య, అక్కడుంది నా కోపం. ముప్పై ఏళ్ళుగా అది నాతో ఉంది, ఎక్కడుందో ఎప్పుడూ చూడలేదు. దాని కింద చూస్తే అది కోపమే కాదు, తప్పు చేసి దొరికిపోతానన్న భయం. "అవును, డొల్లే" అన్నాను. ముందు బెంచీలో నలుగురు పాదాలు ముందుకు చాపారు. నాకు నవ్వొచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. మర్నాడు సుద్దముక్కలు ఎవరి చెవికీ తగలలేదు. పూర్తిగా మారిపోయానని చెప్పను, విసరడం మాత్రం మానేశాను.

పరీక్షలకు వారం ముందు ఆ పిల్ల ఒక ప్రశ్న తెచ్చింది. "నాయిన లోపట ఉన్నప్పుడు సైరన్ మోగితే, నేను కూసొని లెక్కలు చేసుడు పాపం గాదా టీచర్?"

పోయిన ఏడాదైతే అరిచి ఏదో చెప్పేదాన్ని. "మీ నాన్ననే అడుగు" అన్నాను. మర్నాడు వచ్చి ఆయన అన్నది అన్నట్టే చెప్పింది: "నువ్వు ఉరికొస్తే పడే రూఫు ఆగదు బిడ్డా. గేటు కాడ జనమంత అడ్డముంటే దవాఖాన బండికి తొవ్వ ఉండదు. లోపట నా రూఫు నేను చూసుకుంట. పైన నీ రూఫు నువ్వు చూసుకో."

మార్చి ఎండలు ముదిరాయి. లెక్కల పేపరు రోజు నేను మళ్ళీ గేటు బయటే. పరీక్ష మొదలై గంట దాటింది, అంతా బాగానే ఉంది, ఇక ఏమీ కాదులే అనుకున్నాను. అప్పుడు మోగింది సైరన్.

చెబితే సిగ్గుచేటు. ఆర్నెల్లు పిల్లలకు నేర్పిందంతా ఒక్క క్షణంలో నా తలలోంచి ఎగిరిపోయింది. పరుగున వెళ్ళి గేటుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను, అచ్చం పోయిన ఏడాదిలాగే. నా వెనక రోడ్డు మీద కాలనీ పరిగెడుతోంది, చెప్పుల చప్పుడు, ఏడుపులు, పేర్లు పెట్టి పిలుపులు. ఆ పిల్ల వాళ్ళమ్మ కొంగు జారిపోతుంటే పట్టుకుని వచ్చి ఆగింది.

"నా బిడ్డేది టీచరమ్మా?"

"లోపలే ఉంది."

ఆమె గేటు ఊచల్లోంచి బడి వైపు చూసింది. నేనూ చూశాను. వరండా ఖాళీగా ఉంది. ఒక్క పిల్లా, ఒక్క పిల్లవాడూ బయటికి రాలేదు. ఆమె బాయి వైపు పరిగెత్తింది.

సైరన్ సన్నబడి ఆగింది. ఆ నిశ్శబ్దంలో లోపలి నుంచి వినబడింది. టక్, టక్, టక్. ఒక బల్ల. తర్వాత ఇంకొకటి. తర్వాత పక్క హాల్లోంచి. నాలుగు హాళ్ళలోంచి బల్లల చప్పుడు, ఒకదాని మీద ఒకటి, కొన్ని తొందరగా, కొన్ని ఆగి ఆగి. తర్వాత అదీ ఆగిపోయింది. వాళ్ళు వింటున్నారు. నాకు చాపిన చేతులు దింపాలని గుర్తొచ్చింది. గేటు ఇనుప రేకు మీద అరచేయి ఆనించి, మూడుసార్లు కొట్టాను. నా ఒళ్ళంతా డొల్ల. అయినా నాకంత గర్వం అంతకు ముందెప్పుడూ కలగలేదు, ఆ తర్వాతా కలగలేదు.

లోపల ఏం జరిగిందో తర్వాత విన్నాను. సైరన్ మొదలవగానే ఆ పిల్ల సగం లేచిందట. పిక్కలు బిగిశాయని తెలిసిందట. బెంచీకి ఒకరే కాబట్టి కర్ర పెట్టేవాళ్ళు పక్కన లేరు. తన కుడిపాదాన్ని తన ఎడమపాదానికే ఆనించుకుని కూర్చుని, బల్ల కొట్టింది. అది విని మిగతావాళ్ళు కొట్టారు. ఆ మగపిల్లవాడు, మా అరుపులవాడు, గుమ్మం దాకా వచ్చేశాడట. గుమ్మానికే మూడు దెబ్బలు కొట్టి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. భద్రాచలం వైపు నుంచి డ్యూటీకి వచ్చిన మాస్టారు బయటికి వచ్చాక నన్ను పట్టుకున్నాడు. "ఏందమ్మా ఇది, పోరగాండ్లంత ఒక్కతీరుగ బల్లలు కొట్టిండ్రు, సమ్మె జేస్తున్నరేమోనని భయపడ్డ. చూస్తే తలలొంచుకొని మళ్ళ రాస్తున్నరు!"

నాకు దాచి చెప్పడం చేతకాదు, కాబట్టి జూన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ పిల్ల పాసైంది. లెక్కల్లో డెబ్బైకి పైనే వచ్చాయి. నర్సు ట్రైనింగులో చేరింది, ఉద్యోగమూ చేసింది. మా బడిలో ఆ ఏడాది పరీక్ష మధ్యలో లేచి వెళ్ళి తప్పినవాళ్ళు ఎవరూ లేరు. కానీ నాకు అంతకంటే ముఖ్యమైనది ఆ రోజు మధ్యాహ్నం జరిగింది.

బెల్లు కొట్టారు. పేపర్లు ఇచ్చేశారు. అప్పుడు పరిగెత్తారు చూడండి, అట్టలు చేతుల్లో పట్టుకుని, నాలుగు హాళ్ళ పిల్లలూ ఒక్కసారిగా! నేను గేటు బార్లా తీసి పక్కకు జరిగాను. వాళ్ళ వెనకాలే నేనూ పరిగెత్తాను, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, దారిలో ఒక చెప్పు తెగితే రెండోది కూడా అక్కడే వదిలేసి. రోడ్డు ఎండకు కాలుతోంది. బాయి గేటు దగ్గర తొవ్వ విడిచి జనం రెండు పక్కలా నిలబడ్డారు. ఒక వైపు పైకప్పు కొంచెం కూలిందట, కానీ అక్కడ అప్పటికి మనుషులెవరూ లేరు. ముందు రోజే ఎవరో కొట్టి చూసి, డొల్లగా ఉందని ఆ వైపు పని ఆపించారు. ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆయన దుంగల కుప్ప మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. ఒళ్ళంతా నలుపు, పళ్ళూ కళ్ళూ మాత్రం తెల్లగా. కూతురు ఎదురుగా వచ్చి ఆగింది. మీద పడి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఊపిరి అందడానికి నిలబడింది.

"పేపరు మొత్తం రాసినవా?" అన్నాడు.

"ఒక్క లెక్క ఉండిపోయింది నాయినా. బెల్లు కొట్టిండ్రు."

ఆయన ఆమె చేతిలోంచి పరీక్ష అట్ట తీసుకున్నాడు. కణుపుతో మూడుసార్లు కొట్టి, చెవి వంచి, చప్పుడు ఆగేదాకా విన్నాడు. అందరం చూస్తున్నాం. "గట్టిగనే ఉన్నది" అని తిరిగి ఇచ్చాడు. దుంగల మీద కూర్చున్న మనుషులంతా పెద్దగా నవ్వారు. వాళ్ళమ్మ నవ్వుతూ ఏడ్చింది.

ఆ పిల్ల అప్పుడు నా వైపు తిరిగింది. నేను చెప్పుల్లేని కాళ్ళతో, జుట్టు ముడి ఊడిపోయి, రొప్పుతూ నిలబడి ఉన్నాను. కాళ్ళు నా మాట వినడం లేదు, వణుకుతూనే ఉన్నాయి. పోయిన ఏడాది ఇదే చేతిని పట్టుకుని నేను అరిచాను.

"టీచర్, మీరు?" అని అడిగింది.

"డొల్ల" అన్నాను.

ఎందుకని అడగలేదు. రెండడుగులు వేసి వచ్చి, బొగ్గు దుమ్ములో నా పాదం పక్కన తన పాదం ఆనించి, నా కాళ్ళ వణుకు ఆగేదాకా అక్కడే నిలబడింది.